"సంతృప్తికరం" అంటే ఎవరికి? - కెమికల్ ఇంజనీరింగ్ పీహెచ్.డి. నిబంధనలపై ఒక దళిత పరిశీలన

దళిత విమర్శ ఇప్పటిదాకా చాలా పుస్తకాల్ని తిరగేసి చదివింది. పురాణాల్ని చదివింది, ప్రబంధాల్ని చదివింది, అభ్యుదయ కథనీ విప్లవ కవిత్వాన్నీ చదివింది. పాఠ్యపుస్తకాల్లో మనం ఎక్కడున్నాం, ఎట్లా ఉన్నాం అని నిలదీసింది. కానీ మన బతుకుల్ని నిత్యం తేల్చే పుస్తకాలు ఇంకో రకం ఉన్నాయి. వాటిని ఎవరూ సాహిత్యం అనుకోరు కాబట్టి ఎవరూ విమర్శకు తీసుకోరు. అవి రూల్సు పుస్తకాలు. హాస్టలు రూల్సు, స్కాలర్‌షిప్పు రూల్సు, ప్రమోషను రూల్సు, పీహెచ్.డి. రూల్సు. ఒక కవితలో మన గురించి ఒక చెడ్డ మాట ఉంటే మన మనసు నొచ్చుకుంటుంది. రూల్సు పుస్తకంలో ఒక మాట అటూ ఇటూ అయితే మన బిడ్డ ఇంటికి తిరిగొస్తాడు. అందుకే ఈ వ్యాసంలో కెమికల్ ఇంజనీరింగ్‌లో డాక్టరేటు పొందడానికి ఏమేం కావాలో చెప్పే నిబంధనల్ని ఒక రచనను చదివినట్టుగానే చదువుతున్నాను.

నేను ఆ శాఖలోనే రిసెర్చ్ స్కాలర్ని. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటివాణ్ణి. నేను చదువుతున్న సంస్థ పేరు ఇక్కడ రాయను. ఆ ఒక్క సంస్థ మీద కోపంతో రాస్తున్నానని అనుకుంటే అసలు విషయం పక్కకు పోతుంది.

నా వాదన ఒక్కటే. ఈ నిబంధనల్లో అంకెలున్న చోట మనం గట్టెక్కుతున్నాం. గట్టెక్కలేనప్పుడు కనీసం కొట్లాడగలుగుతున్నాం. అంకె లేకుండా "సంతృప్తికరం", "తగిన", "మౌలికమైన" లాంటి మాటలున్న చోట మనల్ని ఆపుతున్నారు. ఆపినట్టు రుజువు కూడా మిగలడం లేదు. ఇవాళ సైన్సు విభాగాల్లో కులం కాపురముంటున్నది ఆ మాటల్లోనే.

నిబంధనలు చెప్పేదేమిటి?

సైన్సుకు బయట ఉన్న పాఠకుల కోసం ముందు మెట్లన్నీ చెబుతాను. యు.జి.సి. 2022 నవంబరులో ప్రకటించిన నిబంధనల ప్రకారం పీజీలో 55 శాతం మార్కులుండాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీలు మొదలైనవారికి 5 శాతం సడలింపు ఉంది. ప్రవేశపరీక్ష పెడితే రాతకు 70, ఇంటర్వ్యూకు 30 చొప్పున లెక్క వెయ్యాలి. చేరిన తర్వాత కనీసం 12 క్రెడిట్ల కోర్సువర్కు చెయ్యాలి, అందులోనూ 55 శాతం తెచ్చుకోవాలి. ప్రతి సెమిస్టరూ సలహా కమిటీ ముందు చేసిన పని చూపించాలి. మూడేళ్ళకు తక్కువ కాకుండా, ఆరేళ్ళకు మించకుండా ముగించాలి. మళ్ళీ రిజిస్టరు చేసుకుంటే ఇంకో రెండేళ్ళు. చివర థీసిస్ రాస్తే గైడుతో పాటు బయటి పరీక్షకులు కనీసం ఇద్దరు చదవాలి, ఆపైన వైవా. ఐఐటీలు 1961 నాటి వాటి సొంత చట్టం కింద నడుస్తాయి. వాటి రూల్సు వాటి సెనేట్లే రాసుకుంటాయి. అక్కడ ప్రవేశానికి గేట్ స్కోరూ ఇంటర్వ్యూ చూస్తారు. పేర్లూ అంకెలూ కొంచెం మారినా మెట్లు దాదాపు ఇవే.

ఇంజనీరింగ్ సంస్థల్లో వీటికి తోడు ఇంకో మెట్టుంది. దాన్ని కాంప్రిహెన్సివ్ అంటారు. స్కాలరుకు తన శాఖ మొత్తం మీద పట్టుందా లేదా అని చూసే పరీక్ష. కెమికల్ ఇంజనీరింగ్‌లో పట్టు అంటే నాలుగు విషయాల మీద పట్టు. వేడి, ద్రవం, పదార్థం ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎట్లా కదులుతాయనే ట్రాన్స్‌పోర్టు. థర్మోడైనమిక్స్. రియాక్షన్ ఇంజనీరింగ్. వీటన్నిటికీ కావలసిన గణితం. 1960లో వచ్చిన బర్డ్, స్టివార్ట్, లైట్‌ఫుట్‌ల పుస్తకం, 1962లో వచ్చిన లెవెన్‌స్పీల్ పుస్తకం ఇప్పటికీ మా శాఖ పెద్దబాలశిక్షలు. చాలా చోట్ల కాంప్రిహెన్సివ్‌కు రెండే అవకాశాలు. రెండోసారీ తప్పితే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. మా దగ్గరా అంతే. దీన్ని మౌఖికంగా పెడతారు. ఫలితం మార్కుల్లో ఉండదు, "సంతృప్తికరం" లేదా "అసంతృప్తికరం" అని ఒక మాటలో ఉంటుంది.

అంకెలు మన పక్షం

పెద్ద పెద్ద ప్రొఫెసర్లు సెమినార్లలో ఒక మాట తరచూ అంటుంటారు. పరిశోధనను రూల్సుతో బంధించకూడదట, క్రెడిట్లూ శాతాలూ సృజనాత్మకతను చంపేస్తాయట. విన్నవాళ్ళు చప్పట్లు కొడతారు. నాకు చేతులు రావు. రూలు లేని చోట ఎవరి మాట చెల్లుతుందో మనకు తెలుసు. ఊళ్ళో మాదిగోడికి కూలి ఎంత అనేది రాసి లేనప్పుడు దొర ఇచ్చిందే కూలి. అంకె రాసి ఉంటే, అది తక్కువ అంకే అయినా, దాన్ని చూపించి అడగొచ్చు.

2016 నాటి యు.జి.సి. నిబంధనలు ఈ సంగతి బాగా చూపించాయి. రాతపరీక్షలో 50 శాతం వస్తే చాలు, ఆ మార్కులు మళ్ళీ లెక్కలోకి రావు. ఎవర్ని తీసుకోవాలో ఇంటర్వ్యూయే తేలుస్తుంది. అంటే అంకె ఉన్న పరీక్షను గుమ్మం దగ్గరే ఆపేసి, అంకె లేని కూర్చోబెట్టి మాట్లాడే పరీక్షకు తాళంచెవి ఇచ్చారు. ఎస్సీ ఎస్టీలకు ఆ 50 శాతంలోనూ సడలింపు ఇయ్యలేదు. జె.ఎన్.యు. మొదలుకొని విద్యార్థులు కొట్లాడితే 2018లో సడలింపు వచ్చింది. 2022 నాటికి 70:30 లెక్క నిబంధనల్లోకి ఎక్కింది. ఈ పోరాటం నడిచింది ఒక అంకె కోసం. అంకె వచ్చింది కాబట్టే ఇవాళ ఎవరికైనా అన్యాయం జరిగితే సమాచార హక్కు కింద మార్కులు అడిగి తెచ్చుకోగలుగుతున్నాడు.

ఇంకో ఉదాహరణ. 2016 నిబంధనల్లో థీసిస్ ఇచ్చేముందు ఒక పరిశోధనాపత్రం అచ్చుకావాలి, రెండు సదస్సుల్లో పత్రాలు చదవాలి అని ఉండేది. 2022లో దీన్ని తీసేశారు. దొంగ పత్రికలు పెరిగాయి కాబట్టి తీసెయ్యడం మంచిదే అన్నారు. వాళ్ళు చెప్పిన కారణం అబద్ధం కాదు. కానీ కెమికల్ ఇంజనీరింగ్ విభాగాల్లో మాత్రం ఏం మారింది? రెండు మూడు అంతర్జాతీయ పత్రాలు లేకుండా గైడు సినాప్సిస్ మీద సంతకం పెట్టడం నేను చూడలేదు. రూలు పోయింది, అవసరం పోలేదు. ఇదివరకు "ఒకటి అయింది సార్" అని చెప్పి నిలబడగలిగేవాడు. ఇప్పుడు ఎన్ని అయితే చాలో గైడు మనసులో ఉంటుంది. రూలు సడలినట్టు కనిపించిన ప్రతి చోటా ఈ ప్రశ్న వేసుకోవాలి: సడలింది రూలా, లేక మనం పట్టుకోవడానికున్న కొసా?

అంకెలన్నీ న్యాయమైనవని నేను అనడం లేదు. ఆరేళ్ళ గడువు మీద మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి 2022 నిబంధనలు ఇంకో రెండేళ్ళు ఇచ్చాయి. అది సరైనదే. మొదటి తరంలో వచ్చి, ఇంగ్లీషు రాత నేర్చుకోవడానికే ఏడాది పోగొట్టుకునే ఎస్సీ ఎస్టీ స్కాలర్లకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. మార్కుల్లో 5 శాతం వెనకబాటును ఒప్పుకున్న నిబంధన, కాలంలో వెనకబాటును ఎందుకు ఒప్పుకోదు? ఈ ప్రశ్న అడగగలుగుతున్నాం అంటేనే అంకె రాసి ఉండబట్టి.

లంద కాడి లెక్క

ఇక అంకె లేని మాట దగ్గరికి వస్తాను.

మా తాత తోళ్ళు ఊనేవాడు. ఊరికి ఎడంగా, వాగు గట్టున మా లంద ఉండేది. నాకు ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా అది నడిచింది. సున్నం నీళ్ళలో తోళ్ళు నానబెట్టడం, వెంట్రుకలు గీకడం, తంగేడు చెక్క దంచి ఊరబెట్టిన నీళ్ళలో వెయ్యడం. కొత్త తోలును ముందు పాత పలచటి నీళ్ళలో వేసేవాడు. కొంచెం ఊనినంక చిక్కటి కొత్త నీళ్ళలోకి మార్చేవాడు. ఒకసారి అడిగిన, "ముందే చిక్కటి దాంట్ల ఏస్తే జల్ది అయితది గద తాతా?" అని. "పైపొర ముడుచుకుంటది బిడ్డా, లోపలికి పోదు" అన్నడు. తోలు అయిందా లేదా చూడడానికి రంపెతో అంచు కోసి చూసేవాడు. కోసిన చోట మధ్యలో తెల్లటి గీత కనిపిస్తే ఇంకా కాలేదని లెక్క. గీత మాయమైతే అయినట్టు. మేకతోలుకి పట్టే రోజులకూ బర్రెతోలుకి పట్టే రోజులకూ లెక్క అడిగితే, "మందం రెండింతలైతే రోజులు రెండింతలు గావు, నాలుగింతలు" అనేవాడు.

ఎం.టెక్.లో లెవెన్‌స్పీల్ చదువుతుంటే ఆ తెల్లటి గీత నాకు మళ్ళీ కనిపించింది. ఒక ఘనపదార్థంలోకి బయటి నుంచి రసాయనం చొచ్చుకుపోతున్నప్పుడు చర్య జరిగిన పొర పెరుగుతూ, జరగని నడిమి భాగం కుంచించుకుపోతుంది. 1955లో యాగి, కునీ అనే ఇద్దరు జపాను శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన నమూనా ఇది. పలకలాంటి వస్తువులో, లోపలికి పోయే వేగమే ఆటంకమైనప్పుడు, పట్టే కాలం మందం వర్గాన్ని బట్టి ఉంటుంది. రెండింతల మందానికి నాలుగింతల కాలం. ఇంటర్ తెలుగు మీడియంలో గ్రాహం వాయు వ్యాపన నియమం బట్టీ పట్టినప్పుడు అర్థంకాని వ్యాపనం నాకు అప్పుడు అర్థమయింది.

కాంప్రిహెన్సివ్‌లో ఒక సారు సరిగ్గా ఇదే అడిగిండు. ఈ నమూనాకు నిజజీవితంలోంచి ఒక ఉదాహరణ చెప్పమన్నడు. నాకు సంతోషం ఆగలేదు. తోలు సంగతి చెప్పిన, అంచు కోసి చూడడం చెప్పిన, నాలుగింతల లెక్క బోర్డు మీద సమీకరణంతో చూపించిన. గదిలో ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. ఒకాయన నవ్విండు. ఇంకొకాయన, "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని అడిగిండు. తర్వాతి ప్రశ్న గేట్‌లో నా ర్యాంకు ఎంత, ఏ కేటగిరీ అని. ఆ తర్వాత సబ్జెక్టులో అడిగినవి రెండే ప్రశ్నలు. ఒకటి చెప్పిన, ఒకటి తడబడిన. సాయంత్రానికి కాగితం వచ్చింది. "అసంతృప్తికరం. మౌలిక భావనల మీద పట్టు లేదు." ఎందులో లేదు, ఏ ప్రశ్నకు ఏ జవాబు తప్పు, ఒక్క ముక్క లేదు.

ఆర్నెల్లకు మళ్ళీ పెట్టిండ్రు. అదే ప్రశ్న మళ్ళీ వచ్చింది. ఈసారి పుస్తకంలో ఉన్న ఉదాహరణే చెప్పిన. సల్ఫైడు ఖనిజాన్ని గాలిలో కాల్చితే పైన ఆక్సైడు పొర, లోపల కాలని సల్ఫైడు. సమీకరణం అదే. వర్గం లెక్క అదే. ఈసారి "సంతృప్తికరం".

ఇందులో నా తప్పేమీ లేదని చెప్పను. మొదటిసారి తడబడ్డ ప్రశ్నకు నాకు నిజంగానే జవాబు రాలేదు. దానికి మార్కులు తగ్గించినా, ఫెయిలు చేసినా ఒప్పుకునేవాణ్ణే, ఎక్కడ తగ్గానో కాగితం మీద రాసి ఉంటే. రాయలేదు కాబట్టి ఆ ఆర్నెల్లు నాకు తెలిసినదంతా నాకు తెలియదేమో అని అనుమానపడుతూ గడిపిన. కులవివక్ష చేసే పెద్ద పని ఇది. తిడితే గుర్తుపట్టొచ్చు. "సంతృప్తికరం కాదు" అంటే మనల్ని మనమే వెతుక్కుంటాం.

జ్ఞానానికి అదనం - ఎవరి జ్ఞానానికి?

నిబంధనల్లో ఇంకో పెద్ద మాట, థీసిస్ జ్ఞానానికి మౌలికమైన అదనం కావాలని. కొత్తది కావాలంటే ఇప్పటిదాకా ఏముందో తెలియాలి. ఇప్పటిదాకా ఉన్నది అంటే అచ్చులో ఉన్నదే. లందలో ఉన్నది లెక్కలోకి రాదు.

ఇక్కడ మనవాళ్ళతోనే ఒక పేచీ ఉంది. మాదిగ లంద మొదటి రసాయనశాల అనీ, మన తాతలే అసలు శాస్త్రవేత్తలనీ మన సభల్లో ఉపన్యాసాలు వింటున్నాం. ఆత్మగౌరవం కోసం ఆ మాట ఒకప్పుడు అవసరమైంది, నేను కాదనను. కానీ లంద కాడ పెరిగినవాడిగా చెబుతున్నా, అది కంపు. సున్నంతో మా తాత వేళ్ళు పగిలి నెత్తురు కారేవి. ఆయన ఊనిన తోలుతో దొర బావికి మోట బొక్కెన కుట్టి ఇచ్చింది వెట్టికి. నన్ను బడికి తోలింది లంద కాడికి రాకుండా ఉండడానికే. పైగా నాలుగింతలు అని ఆయనకు తెలుసు గానీ ఎందుకు నాలుగింతలో తెలియదు. ఆ ఎందుకు తెలిస్తేనే తోలు నుంచి ఖనిజానికీ, ఖనిజం నుంచి మందుగోలీకీ పోగలం. సమీకరణం అగ్రవర్ణాల సొత్తని వదిలేసుకుంటే మనకే నష్టం. లందకు డాక్టరేటు ఇమ్మని నేను అడగడం లేదు. లంద కాడి నుంచి వచ్చినవాడికి భావనల మీద పట్టుండదని చూడకముందే తీర్పు చెప్పొద్దంటున్నాను.

తోలుకు ఈ దేశపు సైన్సులో చోటు లేకుండా పోలేదు కూడా. 1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ పెట్టారు. గుంటూరు జిల్లా యలవర్రు నుంచి వెళ్ళిన యలవర్తి నాయుడమ్మ గారు దానికి డైరెక్టరయ్యారు, తోలుకు శాస్త్రంగా గౌరవం తెచ్చారు. ఆయన కృషిని తక్కువ చెయ్యాల్సిన పని లేదు. కానీ ఈ దారిలో ఒకటి గమనించాలి. తోలు పని లందలోంచి ప్రయోగశాలకు నడిచిపోయింది. లంద నడిపిన కులం దాని వెంట ఎంతమంది నడవగలిగారు? పని అంటరానిదిగా ఉన్నన్నాళ్ళు మాది. శాస్త్రం అయ్యాక దానికి అర్హతలు వచ్చాయి.

"రిసెర్చి గ్యాప్" అనే మాట కూడా ఇట్లాంటిదే. ఎక్కడ ఖాళీ ఉందో చెప్పేది ఎవరు? 2020 మే 7న విశాఖపట్నం దగ్గర ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం మీద పడింది. ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగున మాత్రమే ఉందనీ, వేడి పైన పెరిగిందనీ, పాలిమర్ కాకుండా ఆపే రసాయనం తగినంత లేదనీ విచారణలో తేలింది. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి ఫ్యాక్టరీలో పేలుడు నలభైమందికి పైగా కార్మికుల్ని పొట్టన పెట్టుకుంది. చచ్చినవాళ్ళలో చాలామంది పొట్ట చేతపట్టుకుని బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళు. ఇవన్నీ కెమికల్ ఇంజనీరింగ్ ప్రశ్నలే. వేడి ఎక్కడ పుడుతుంది, ఎటు పోతుంది, ఎక్కడ కొలవాలి. ట్యాంకు పక్క గుడిసెలోంచి చూస్తే ఖాళీ ఒక చోట కనిపిస్తుంది. కన్సల్టెన్సీ ఇచ్చే కంపెనీ గదిలోంచి చూస్తే ఇంకో చోట కనిపిస్తుంది. డాక్టోరల్ కమిటీల్లో మొదటి చూపున్నవాళ్ళు లేరు. అందుకే ఆ ఖాళీ ఖాళీగా లెక్కకు రాదు.

గైడు, గ్యాసు సిలిండరు, స్టైపెండు

సాహిత్యంలోనో చరిత్రలోనో పీహెచ్.డి. చేసే మిత్రులు లైబ్రరీ ఉంటే నెట్టుకొస్తారు. మా శాఖలో అది కుదరదు. రియాక్టరు కావాలి, గ్యాసు సిలిండరు కావాలి, నమూనాలు పరీక్షించే క్రొమటోగ్రాఫు మీద టైము కావాలి. ఇవన్నీ గైడు ప్రాజెక్టు డబ్బుల్లోంచి వస్తాయి. కాబట్టి రూల్సు పుస్తకంలో ఎక్కడా రాయని మొదటి అర్హత, డబ్బున్న గైడు దొరకడం. దాన్ని "పరస్పర అంగీకారం" అంటారు. పైనుంచి వచ్చిన పిల్లలకు ఏ గైడు దగ్గర ఏ ప్రాజెక్టుందో చేరకముందే తెలుస్తుంది. మనకు చేరాక తెలుస్తుంది, అప్పటికి సీట్లు నిండిపోతాయి.

ఈ అంగీకారం దొరక్కపోతే ఏమవుతుందో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం చరిత్రే చెబుతుంది. 2008లో ఫిజిక్సు స్కాలరు సెంథిల్ కుమార్, 2013లో హై ఎనర్జీ మెటీరియల్స్ స్కాలరు మాదారి వెంకటేశ్ ప్రాణాలు తీసుకున్నారు. ఇద్దరి విషయంలోనూ గైడు కేటాయింపు సంగతి ముందుకొచ్చింది. 2016 జనవరి 17న రోహిత్ వేముల పోయేనాటికి అతని స్టైపెండు నెలల తరబడి ఆగి ఉంది. వీళ్ళ పేర్లు మనం సభల్లో చదువుతాం, దండలు వేస్తాం. ఆ పేర్ల వెనకున్న ఆఫీసు ఫైళ్ళను కూడా చదవాలి. గైడు లేడు, కమిటీ లేదు, స్టైపెండు లేదు. మూడూ నిబంధనావళిలో గడువు లేని విషయాలే.

గైడు దొరికినా ఏ విషయం దొరుకుతుందన్నది ఇంకో సంగతి. నాకు తెలిసిన మనవాళ్ళలో చాలామందికి దొరికింది చవక అడ్సార్బెంట్ల పని. వరిఊక, కొబ్బరిచిప్ప బొగ్గు, చింతగింజల పొడి తీసుకుని నీళ్ళలోంచి రంగునో క్రోమియాన్నో ఫ్లోరైడునో తీసెయ్యడం. నల్లగొండ జిల్లావాణ్ణి కాబట్టి ఫ్లోరైడు పని చిన్నదని నేననను. కానీ ఆ విషయం వాళ్ళకు ఇచ్చింది నల్లగొండ మీద ప్రేమతో కాదు. దానికి బీకర్లూ ఒక షేకరూ చాలు కాబట్టి. ఖర్చులేని విషయం ఇస్తారు. అట్లాంటి పత్రాలు ఇప్పటికే వందలున్నాయి కాబట్టి పెద్ద పత్రికలు తీసుకోవు. చిన్న పత్రికలో వస్తుంది. వైవాలో, ఉద్యోగం ఇంటర్వ్యూలో "పత్రికల స్థాయి లేదు" అంటారు. ఏ మెట్టు దగ్గరా ఎవరూ కులం పేరెత్తలేదు. మెట్లన్నీ కలిపి చూస్తేనే కులం కనిపిస్తుంది.

డబ్బు సంగతికి వస్తే, 2023 జనవరి నుంచి జె.ఆర్.ఎఫ్. నెలకు 37,000. 2018లో మొదలుపెట్టిన ప్రధానమంత్రి రిసెర్చ్ ఫెలోషిప్ 70,000తో మొదలై 80,000 దాకా. రెండో పథకంలో రిజర్వేషను పెట్టలేదు. ఒకే ల్యాబులో ఒకే బెంచీ మీద, ఒకరి స్టైపెండు ఇంకొకరి దానికి దాదాపు రెట్టింపు. ఇంటికి డబ్బు పంపాల్సింది మాత్రం ఎక్కువగా ఆ తక్కువ వచ్చేవాడే.

అంబేడ్కర్ కూడా తప్పించుకోలేదు

డాక్టరేటు నిబంధనలకూ మనకూ ఉన్న పేచీ కొత్తది కాదు. అంబేడ్కర్ కొలంబియాలో 1916లోనే థీసిస్ రాసి ఇచ్చారు. పట్టా చేతికొచ్చింది 1927లో. అప్పట్లో అక్కడ థీసిస్ అచ్చువేయించి ప్రతులు ఇస్తేనే పట్టా. అది 1925లో గానీ పుస్తకంగా రాలేదు. ఆ అర్హత రాసి ఉంది, అందరికీ ఒక్కటే. కానీ అచ్చుకు డబ్బున్నవాడికి అది లాంఛనం, లేనివాడికి పదేళ్ళు. లండన్‌లో 1917లో బరోడా స్కాలర్‌షిప్పు గడువు ముగిసి చదువు నడిమధ్య తిరిగి రావాల్సి వచ్చింది. 1920లో అప్పో సప్పో చేసి, సాహు మహరాజు సాయంతో మళ్ళీ వెళ్ళారు. డి.ఎస్సీ. కోసం ఇచ్చిన రూపాయి సమస్య థీసిస్‌ను 1923 మార్చిలో పరీక్షకులు తిరగరాయమన్నారు. తిరగరాశారు, అదే ఏడాది చివర ఆమోదం వచ్చింది. ఆయన గొప్పతనం గురించి మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. నేను గమనించింది వేరే. ఆయన్ని ఆపినవి మూడూ, డబ్బు, గడువు, పరీక్షకుల తృప్తి. నూరేళ్ళ తర్వాత ఒక కెమికల్ ఇంజనీరింగ్ స్కాలర్ని ఆపేవీ ఆ మూడే.

కమిటీలో ఎవరు కూర్చుంటారు?

2015 నుంచి 2019 దాకా ఐఐటీలన్నిటిలో పీహెచ్.డి.లో చేరినవారిలో ఎస్సీలు 9.1 శాతం, ఎస్టీలు 2.1 శాతం. ఇది కేంద్రం పార్లమెంటుకు చెప్పిన లెక్క. రిజర్వేషను ప్రకారం రావాల్సింది 15, 7.5. "అర్హులు దొరకలేదు" అన్నది పాత జవాబు. అర్హత తేల్చే గదిలో మనవాళ్ళు లేకపోవడం ఆ జవాబులో సగం. 2019లో అధ్యాపక పోస్టుల రిజర్వేషను చట్టం వచ్చింది. ఐఐటీలు అందులోంచి తప్పించుకోలేదు. మరుసటి ఏడే, 2020లో, ప్రభుత్వం వేసిన కమిటీ ఐఐటీల్ని ఈ చట్టం నుంచి మినహాయించాలని సిఫారసు చేసింది. మెరిట్ పేరు మీద 1990లో మండల్ రోజుల్లో రోడ్డు మీద అరిచిన మాటే ముప్ఫై ఏళ్ళకు కమిటీ రిపోర్టులో మర్యాదగా కూర్చుంది.

ఏం అడగాలి?

దయ చూపమని గానీ, మార్కులు కలపమని గానీ అడగడం లేదు. రాయమంటున్నాం.

ఒకటి. కాంప్రిహెన్సివ్, వైవా, ప్రతి సెమిస్టరు సమీక్ష - మూడింట్లోనూ ఏ ప్రశ్న అడిగారు, జవాబుకు ఎన్ని మార్కులు అనేది కాగితం మీద ఉండాలి. "అసంతృప్తికరం" అనే మాట కారణం లేకుండా చెల్లకూడదు.

రెండు. ఇంటి సంగతులు, ర్యాంకు, కేటగిరీ అడగడం పరీక్షలో నిషేధం కావాలి. అడిగితే ఆ పరీక్ష రద్దు కావాలి.

మూడు. గైడును, కమిటీని చేరిన ఇన్ని రోజుల్లోగా కేటాయించాలనే గడువు ఉండాలి. దాటితే ఆ ఆలస్యం స్కాలరు ఆరేళ్ళలోంచి పోకూడదు.

నాలుగు. గైడు ప్రాజెక్టుతో సంబంధం లేకుండా ప్రతి స్కాలరుకూ ప్రయోగాల ఖర్చుకు కొంత నిధి, పరికరాల మీద టైముకు అందరూ చూడగల రిజిస్టరు ఉండాలి.

ఐదు. మొదటి తరం ఎస్సీ ఎస్టీ స్కాలర్లకు గడువులో సడలింపు, కమిటీలో విభాగం బయటి నుంచైనా ఒక ఎస్సీ లేదా ఎస్టీ సభ్యుడు ఉండాలి.

వీటిలో ఏదీ జ్ఞానం స్థాయిని తగ్గించేది కాదు. పరీక్షకుణ్ణి కూడా పరీక్షించే ఏర్పాటు, అంతే. ట్యాంకుకు ఒకే చోట థర్మామీటరు పెట్టి అంతా చల్లగానే ఉందని రాసుకుంటే ఏమవుతుందో మా శాఖవాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు.

మన విమర్శకులకు కూడా ఒక మాట. ఇంజనీరింగ్ వ్యవహారం మాకెందుకని వదిలెయ్యకండి. ఈ రూల్సు పుస్తకాలు చదవడానికి కలనగణితం అక్కర్లేదు. ఎక్కడ అంకె ఉంది, ఎక్కడ లేదు అని చూస్తే చాలు. ప్రతి విశ్వవిద్యాలయంలో ఒకరిద్దరు కూర్చుని తమ దగ్గరి నిబంధనావళిని ఇట్లా చదివి రాస్తే, ఈ పత్రికలోనే పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

నా థీసిస్ ఇంకా పూర్తి కాలేదు. మూడో అధ్యాయంలో పొరల్లోంచి చొచ్చుకుపోయే కాలం లెక్క వస్తుంది. అక్కడ ఖనిజం ఉదాహరణతో పాటు తోలు ఉదాహరణ కూడా రాసిన, మా తాత చెప్పిన నాలుగింతల లెక్కతో సహా. గైడు ఆ పేరా చుట్టూ పెన్సిలుతో గీత గీసి, పక్కన "అవసరమా?" అని రాసి తిప్పి పంపిండు. కారణం రాయలేదు. పేరా తియ్యలేదు. కారణం రాసి ఇమ్మని అడుగుతూ ఉత్తరం పెట్టిన.